శిక్షణ పూర్తయ్యాక లెక్క ఎవరు చెప్పాలి?

(నెల్లూరులో స్త్రీల సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో ఉపాధి, స్త్రీల హక్కులు అనే అంశం మీద మాట్లాడమని నన్ను అడిగారు. గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్ళే స్త్రీల గురించి మన సంఘాలు ఇదివరకే చాలా మాట్లాడాయి, రాశాయి, కొన్ని చోట్ల పోరాడాయి కూడా. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది అంతగా చర్చకు రాని మరో తరహా ప్రయాణం గురించి. దాన్ని ఉద్యోగమని అనరు, చదువని కూడా అనరు. ఇంటర్న్‌షిప్ అంటారు, ట్రైనింగ్ అంటారు. ఏడాదికో మూడేళ్ళకో వెళ్ళి, గడువు పూర్తిచేసుకుని తిరిగొచ్చే ఆడపిల్లలు ఇప్పుడు మన తీర మండలాల్లో కూడా కనిపిస్తున్నారు.

వెళ్ళేటప్పుడు అందరూ అడుగుతారు. ఎంత ఖర్చయింది, ఏజెంటు ఎవరు, వీసా ఎన్నాళ్ళకొచ్చింది అని. ముగించుకుని వచ్చిన పిల్లని అడిగేవాళ్ళు తక్కువ. చేతికి ఏమొచ్చింది, ఏ కాగితాలు తెచ్చుకుంది, ఆమెకి రావలసింది ఏదైనా అక్కడే ఉండిపోయిందా, నేర్చుకున్న పనికి ఇక్కడ విలువ ఉందా? ఇవి అడగాల్సిన ప్రశ్నలు. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటలో చెబుతాను. శిక్షణ పేరుతో ఆమె చేసింది పనే. ఆ పనికి లెక్క చెప్పించుకోవడం ఆమె హక్కు. ఆ లెక్క అడగడం ఆమెకి ఒంటరిగా సాధ్యం కాదు కాబట్టి అది మన సంఘాల పని కూడా.

"సాయం" నుంచి "శిక్షణ" దాకా

ముందు మన తీరం సంగతి చూద్దాం. కావలి నుంచి తడ దాకా, పులికాట్ సరస్సు దాకా స్త్రీలు చెయ్యని పని లేదు. పడవలు తెచ్చిన చేపల్ని ఏరేదీ, ఎండబెట్టేదీ, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేదీ వాళ్ళే. ఉప్పుమళ్ళలో ఉప్పు మోసేదీ, కయ్యల్లో నాట్లు వేసేదీ వాళ్ళే. అయినా లెక్కలు రాసేటప్పుడు మగవాడిది "వేట", ఆడదానిది "సాయం" అయింది. సాయానికి కూలి ఉండదు, సాయం చేసిన మనిషికి సర్వీసు ఉండదు.

1980ల చివరి నుంచి రొయ్యల గుంటలొచ్చాయి. రొయ్య తల తీసి పొట్టు ఒలిచే పని దాదాపు పూర్తిగా స్త్రీలదైంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల సాగు మీద జగన్నాథ్ కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నీటి కాలుష్యం, పొలాల నష్టం గురించి మనందరికీ గుర్తుంది. ఆ పరిశ్రమ కార్మికులకు రిట్రెంచ్‌మెంట్ పరిహారంతోపాటు ఆరేళ్ళ వేతనం అదనంగా ఇవ్వాలన్న ఆదేశం కూడా అందులో ఉంది. అయితే ఒక షరతు ఉంది. కనీసం ఏడాది పాటు ఎడతెగని సర్వీసు ఉండాలి. తూకాన్ని బట్టి డబ్బులు తీసుకుని, పని ఉన్న రోజు వచ్చి, లేని రోజు ఇంట్లో ఉండే స్త్రీ ఏడాది సర్వీసు ఎలా రుజువు చేసుకుంటుంది? ఆ తీర్పు ఆచరణలో అమలుకాకపోవడం, 2005లో వేరే చట్టం రావడం వేరే కథ. మనం గమనించాల్సింది ఏమిటంటే, పరిహారం ఇవ్వండని అత్యున్నత న్యాయస్థానం చెప్పినప్పుడు కూడా, కాగితం మీద కార్మికురాలు కాని స్త్రీ ఆ ఆదేశానికి బయటే ఉండిపోతుంది.

2008లో తడ పక్కన శ్రీసిటీ మొదలైంది. ఇంటరూ, డిప్లొమా, డిగ్రీ చదివిన ఆడపిల్లలు కంపెనీ బస్సులెక్కి షిఫ్టులకి వెళ్ళడం మొదలైంది. అప్పుడు ఒక కొత్త మాట మన ఊళ్ళలోకి వచ్చింది, "ట్రైనీ". సాయం అన్న పాత మాట చేసిన పనిని కొంతవరకు ఈ కొత్త మాట కూడా చేస్తోంది. పని మొత్తం ఉంటుంది, కార్మికురాలనే పేరు మాత్రం ఉండదు. ఆ మాటే ఇప్పుడు విమానమెక్కి సముద్రం దాటింది.

చట్టం ఏమంటోంది

మన దేశంలో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. అందులో 18వ సెక్షను అప్రెంటిస్ శిక్షణార్థే గాని కార్మికుడు కాడని, కార్మిక చట్టాలు ఆ వ్యక్తికి వర్తించవని చెబుతుంది. ఆరోగ్యం, భద్రత, పని ప్రమాదాల పరిహారం విషయంలో మాత్రం అదే చట్టం కొంత రక్షణ ఇచ్చింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. వాటిలోని వేతన స్మృతి కూడా ఈ చట్టం కింద చేరిన అప్రెంటిస్‌ని ఉద్యోగి నిర్వచనం నుంచి మినహాయించింది. అరవై ఏళ్ళు గడిచినా ఆ గీత చెరగలేదు.

దీని పక్కన ఇంకో చట్టాన్ని పెట్టి చూడండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. అందులో "ఉద్యోగి" అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలో ట్రైనీ, అప్రెంటిస్ స్పష్టంగా ఉన్నారు. జీతం ఉన్నా లేకపోయినా సరే. ఎన్నో ఏళ్ళ స్త్రీల ఉద్యమం వెనక ఉంది కాబట్టి ఆ నిర్వచనం అలా వచ్చింది. అంటే ఒకే అమ్మాయి, ఒకే షిఫ్టులో, ఒక చట్టానికి ఉద్యోగిని, ఇంకో చట్టానికి కాదు. ట్రైనీ ఎవరన్నది ప్రకృతి నిర్ణయించిన విషయం కాదు. ఎవరి ఒత్తిడి ఎంత ఉంటే నిర్వచనం అటు జరుగుతుంది.

జపాన్ అనుభవం

విదేశీ శిక్షణ విషయంలో మనం జాగ్రత్తగా చదవాల్సింది జపాన్ చరిత్ర. టెక్నికల్ ఇంటర్న్ శిక్షణ పథకాన్ని అక్కడ 1993లో మొదలుపెట్టారు. వెనకబడిన దేశాల యువత నైపుణ్యం నేర్చుకుని, తిరిగి వెళ్ళి తమ దేశాభివృద్ధికి తోడ్పడాలన్నది ప్రకటించిన ఉద్దేశం. చైనా నుంచి, తర్వాత వియత్నాం నుంచి లక్షల మంది వెళ్ళారు. కుట్టుపని, పొలం పని, చేపల శుద్ధి, నిర్మాణం లాంటి పనులు చేశారు. మొదటి ఏడాది వాళ్ళని కార్మిక చట్టాల కిందికి తీసుకురావడానికి 2010 దాకా పట్టింది. 2016లో చేసి 2017 నవంబరు నుంచి అమలు చేసిన ప్రత్యేక చట్టం పాస్‌పోర్టు లాక్కోవడాన్ని, జరిమానా షరతులతో కట్టిపడెయ్యడాన్ని నిషేధించింది. ఆ చట్టంలోనే ఇంకో వాక్యం ఉంది. కూలీల కొరత తీర్చుకునే సాధనంగా ఈ శిక్షణని వాడకూడదని. ఏది జరుగుతోందో దాన్నే చట్టం చెయ్యకూడదంటుంది.

2017 అక్టోబరులో భారత్ ఈ పథకంలో చేరుతూ జపాన్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది నవంబరులో వృద్ధుల సంరక్షణ పనిని కూడా పథకంలో చేర్చారు. నర్సింగ్ చదివిన మన పిల్లలకి ఆ దారి తెరుచుకున్నది అప్పుడే. పథకంలో పెద్ద లోపం ఏమిటంటే, యజమాని ఎలాంటివాడైనా మామూలుగా చోటు మారడానికి వీల్లేదు. ఇష్టం లేకపోతే ఇంటికి రావడమొక్కటే మార్గం. అప్పు చేసి వెళ్ళిన పిల్లకి అదొక మార్గమే కాదు.

ఆ భయం స్త్రీ శరీరం దాకా ఎలా వస్తుందో ఒక కేసు చెబుతుంది. వియత్నాం నుంచి వెళ్ళి కుమమోతో ప్రాంతంలో నారింజ తోటలో ఇంటర్న్‌గా ఉన్న లే థి థుయ్ లిన్ గర్భవతి అయింది. తెలిస్తే పంపించేస్తారని ఎవరికీ చెప్పలేదు. 2020 నవంబరులో తన గదిలో ఒంటరిగా ప్రసవించింది. కవలలు చనిపోయి పుట్టారు. బిడ్డల్ని తువ్వాలులో చుట్టి, పెట్టెలో పెట్టి, పేర్లు రాసి, క్షమించమని ఉత్తరం కూడా రాసి పెట్టింది. మృతదేహాల్ని వదిలేసిందన్న నేరం మీద అరెస్టు చేశారు. కింది కోర్టులు రెండూ శిక్ష వేశాయి. 2023 మార్చి 24న జపాన్ సుప్రీంకోర్టు ఆమె నిర్దోషి అని తీర్పు చెప్పింది. ప్రసూతి సెలవు ఆ దేశపు చట్టంలో ఉంది, ఇంటర్న్‌కి కూడా వర్తిస్తుంది. గర్భం కారణంగా తీసెయ్యకూడదని కూడా చట్టంలో ఉంది. ఆ సంగతి ఆమెకి ధైర్యం ఇవ్వలేకపోయింది. హక్కు పుస్తకంలో ఉంటే చాలదు, అడిగితే ఇంటికి పంపరన్న నమ్మకం కూడా ఉండాలి.

చివరికి 2024 జూన్‌లో జపాన్ పార్లమెంటు ఈ పథకాన్ని తీసేసి కొత్త విధానం తేవడానికి చట్టం చేసింది. 2027 ఏప్రిల్ నుంచి అది అమలు కావాలి. కొత్త చట్టంలో ఉద్యోగమన్న మాట నేరుగా ఉంది. కొన్ని షరతులతో, అదే రంగంలో యజమానిని మారే వీలు కూడా ఉంది. ముప్ఫై ఏళ్ళు శిక్షణ అన్నదాన్ని ఆ దేశమే ఇప్పుడు పని అంటోంది. మరి ఈలోగా "శిక్షణ" పూర్తి చేసుకుని వచ్చేసిన వాళ్ళ లెక్క ఏమిటి?

ఆఫీసు ఇంటర్న్‌షిప్‌ల సంగతి

కాయకష్టం పనుల్లోనే ఇలా ఉంటుందనుకోవద్దు. అమెరికా జె-1 వీసా మీద వ్యాపార నిర్వహణ, వాణిజ్యం, హోటల్ రంగాల్లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళేవాళ్ళున్నారు. ఇంటర్న్‌కి గరిష్ఠంగా పన్నెండు నెలలు. వెళ్ళకముందే డిఎస్-7002 అనే ఫారం మీద శిక్షణ ప్రణాళిక రాస్తారు. ఏ దశలో ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు అన్నది అందులో ఉండాలి. గుమాస్తా పని ఐదో వంతుకి మించకూడదు. మామూలు ఉద్యోగి స్థానంలో ఇంటర్న్‌ని వాడుకోకూడదు. చివర్లో మూల్యాంకనం రాసి సంతకాలు చెయ్యాలి.

ఈ జిల్లాలో ఎంబీఏ చదివి అలా వెళ్ళొచ్చిన ఒక అమ్మాయితో నేను మాట్లాడాను. ఆమె ప్రణాళికలో అకౌంట్లు, మార్కెటింగ్, నిర్వహణ అన్నీ ఉన్నాయి. పన్నెండు నెలల్లో ఎనిమిది నెలలు రాత్రి షిఫ్టులో హోటల్ కౌంటరు దగ్గరే నిలబడింది. "చివరి రోజు మూల్యాంకనం కాగితం ముందర పెట్టారు మేడమ్. అన్నిటికీ 'బాగుంది' అని ఉంది. సంతకం పెట్టకపోతే పూర్తయినట్టు కాగితం రాదేమోనని పెట్టేశాను" అంది. ఆ సంతకంతో ఎనిమిది నెలల రాత్రి పని మాయమైపోయింది. ఆమె బయోడేటాలో ఇప్పుడు నాలుగు విభాగాల్లో శిక్షణ ఉంది. ఇంటర్వ్యూలో ఆ విభాగాల గురించి అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. చేసిన పని గురించి చెబితే వినేవాళ్ళు లేరు.

ముగించే రోజున చూసుకోవాల్సినవి

ఇక కొన్ని ఆచరణ విషయాలు చెబుతాను. వీటిని మన కార్యకర్తలు రాసుకుని వెళ్ళమని కోరుతున్నాను.

మొదటిది, జీతం చీటీలు. ప్రతి నెలా ఇచ్చినవన్నీ దాచుకోవాలి. ఓవర్‌టైము గంటలు తన చేత్తో తేదీలవారీగా ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. వివాదం వస్తే అదే సాక్ష్యం. జపాన్ నుంచి ఇంటర్న్‌గా తిరిగొచ్చేవాళ్ళ ప్రయాణ ఖర్చు పర్యవేక్షక సంస్థ భరించాలి, అమ్మాయి జీతంలో కొయ్యకూడదు.

రెండోది, పెన్షన్. ఇది చాలామందికి తెలియదు. జపాన్‌లో ఇంటర్న్ జీతంలోంచి కూడా పెన్షన్ చందా కోస్తారు. కనీసం ఆరు నెలలు కట్టి, దేశం వదిలి వచ్చిన విదేశీయులు ఆ చందాకి బదులుగా ఒకేసారి కొంత మొత్తం తీసుకోవచ్చు. వచ్చేసిన రెండేళ్ళలోపు దరఖాస్తు చెయ్యాలి. రెండేళ్ళు దాటితే పోయినట్టే. 2021 ఏప్రిల్ నుంచి ఐదేళ్ళ చందా దాకా లెక్కలోకి తీసుకుంటున్నారు. ఉద్యోగుల పెన్షన్ కింద వచ్చే మొత్తంలో 20.42 శాతం పన్ను కోస్తారు. బయల్దేరే ముందే అక్కడ ఒక పన్ను ప్రతినిధిని నియమించుకుని వస్తే, దాన్ని కూడా తిరిగి అడగవచ్చు. అయితే భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి పెన్షన్ అర్హత చూసే వీలు దానివల్ల వచ్చింది. ఒకేసారి మొత్తం తీసేసుకుంటే ఆ కాలం లెక్కలోంచి పోతుంది. మళ్ళీ జపాన్ వెళ్ళే ఆలోచన ఉన్న అమ్మాయి ఈ రెండూ బేరీజు వేసుకోవాలి.

మూడోది, కాగితాలు. ధ్రువపత్రం ఒక్కటే చాలదు. ఏ పని, ఎన్ని గంటలు, ఎన్ని నెలలు చేసిందీ రాసిన అనుభవ పత్రం అడిగి తీసుకోవాలి. జపాన్‌లో మూడేళ్ళ శిక్షణ బాగా పూర్తిచేసినవాళ్ళు 2019లో వచ్చిన "నిర్దిష్ట నైపుణ్య" వీసాకి, అదే రంగంలో, పరీక్షలు లేకుండా మారవచ్చు. అది శిక్షణ కాదు, ఉద్యోగం. అక్కడ యజమానిని మార్చుకోవచ్చు. ఆ వీసా గురించి భారత్‌తో 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. కాబట్టి పూర్తయినట్టు రుజువులు లేకుండా రావడమంటే ఆ తలుపు తానే మూసుకోవడం.

నాలుగోది, అప్పు. విదేశీ ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. భాషా తరగతులని, హాస్టలని, ప్రాసెసింగని రకరకాల పేర్లతో అది లక్షలకి పెరుగుతుంది. ప్రతి పైసాకీ రసీదు ఉండాలి. తల్లి మెడలో గొలుసు తాకట్టు పెట్టి కట్టిన డబ్బుకి రసీదు అడగడం మర్యాద తక్కువ పని కాదు.

ఇంటికొచ్చాక

ఇంతవరకు యజమానుల గురించి, ప్రభుత్వాల గురించి మాట్లాడాను. ఇక ఇంటి సంగతి. తీర మండలంలోని ఒక ఊరి నుంచి, నర్సింగ్ చదివి, జపాన్‌లో మూడేళ్ళు వృద్ధుల సంరక్షణలో శిక్షణ పూర్తి చేసుకుని వచ్చిన అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మంచం మీదున్న మనిషి వీపు ఒరిసిపోకుండా ఎలా తిప్పాలి, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలి, మింగలేని మనిషికి అన్నం ఎలా పెట్టాలి అన్నీ చెప్పింది. అది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. జపాన్ భాషలో పరీక్ష పాసయి నేర్చుకున్నది. వచ్చిన ఏడాదికి పెళ్ళయింది. అత్తగారి తల్లికి పక్షవాతం. "ఇంట్లోనే నర్సమ్మ ఉండాది గదా, ఇంక బయట మనిషెందుకు?" అన్నారట. అక్కడ జీతం తీసుకుని చేసిన పనినే ఇక్కడ కోడలి ధర్మంగా చేస్తోంది.

ఈ పిల్ల పంపిన డబ్బు ఏమైందని అడిగాను. అన్న మోటారు బోటుకి కొంత, ఇంటి స్లాబుకి కొంత, మిగిలింది ఆమె పెళ్ళి ఖర్చుకి. ఆమె పేరున బ్యాంకులో ఉన్నది చాలా తక్కువ. ఇంట్లోవాళ్ళు దుర్మార్గులు కారు. కూతురి సంపాదన కుటుంబానిది, కొడుకు సంపాదించింది కొడుకుది అన్న అలవాటులో పెరిగినవాళ్ళు. సాయం అన్న పాత మాట ఇక్కడ మళ్ళీ తిరిగొచ్చింది. "మా పాప ఎంతో సాయం చేసిందమ్మా" అంది వాళ్ళమ్మ. సాయం అన్నాక లెక్క అడిగేదెవరు?

ఇక్కడ ప్రభుత్వ బాధ్యత కూడా ఉంది. నైపుణ్యం తీసుకుని స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్నదే కదా పథకం ఉద్దేశం. తిరిగి వచ్చిన నైపుణ్యాన్ని గుర్తించే ఏర్పాటు ఏది? మన పట్టణాల్లో పిల్లలు దూరంగా ఉన్న వృద్ధులు పెరుగుతున్నారు, ఇంటికొచ్చి చూసుకునే మనుషుల కోసం వెతుకుతున్నారు. ఆ పనికి జీతం, పని గంటలు, సెలవు ఏవీ స్థిరంగా లేవు. మూడేళ్ళు నేర్చుకున్న మనిషికీ, నిన్న చేరిన మనిషికీ తేడా లేదు. నైపుణ్యం లేకపోవడం వల్ల ఆ పనికి విలువ తగ్గలేదు. ఇంట్లో ఆడవాళ్ళు ఊరికే చేసే పని కావడంవల్ల తగ్గింది.

మన జిల్లా నేర్పిన పాఠం

నేర్చుకోవడం అంటే ఏమిటో ఈ జిల్లా స్త్రీలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరదీపం కార్యక్రమం కింద రాత్రి బడులు నడిచాయి. చదువుకుందామని వచ్చిన దూబగుంట స్త్రీలు 1992లో ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. పాఠం చదివి ఊరుకోలేదు. మన కూలి డబ్బు ఎక్కడికి పోతోందని లెక్క వేశారు. ఆ లెక్క జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ప్రభుత్వం వాళ్ళకి అక్షరాలు నేర్పుదామనుకుంది. వాళ్ళు దాంతోపాటు లెక్క అడగడం నేర్చుకున్నారు.

విదేశం వెళ్ళొచ్చిన మన ఆడపిల్లలు కూడా పనితోపాటు చాలా నేర్చుకునే వస్తున్నారు. టైముకి షిఫ్టు ముగించడం, జీతం చీటీ చదవడం, వారానికో రోజు సెలవు తీసుకోవడం వాళ్ళకి తెలుసు. ఆ తెలివిడి ఇక్కడి ప్యాకింగ్ షెడ్డులో, ఆసుపత్రిలో, ఇంట్లో ఎందుకు పనికిరాకూడదు?

కాబట్టి మన సంఘాల ముందు నాలుగు పనులు పెడుతున్నాను. ప్రతి మండలంలో తిరిగొచ్చిన స్త్రీల జాబితా తయారు చేద్దాం, వాళ్ళ సమ్మతితోనే. పెన్షన్ గడువు దాటని వాళ్ళచేత ముందు దరఖాస్తు పెట్టిద్దాం, అది రేపటికి వాయిదా వేసే పని కాదు. వెళ్ళబోయే పిల్లల్ని తిరిగొచ్చిన వాళ్ళతో ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిద్దాం, ఏజెంటు లేకుండా. శిక్షణ కాలాన్ని పని అనుభవంగా గుర్తించాలని, సంరక్షణ పనికి కనీస వేతనం నిర్ణయించాలని జిల్లా కలెక్టరుకీ, కార్మిక శాఖకీ వినతిపత్రం ఇద్దాం.

ఇవాళ ఈ హాలులో అలా వెళ్ళొచ్చిన వాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. నేను ఇక్కడితో ఆపుతాను. ఇక వాళ్ళు మాట్లాడితే మనం విందాం.